క్యాంపు మీది, సెలవు ఇంటివాళ్లది: 10 రోజుల్లో రెండూ ఇమిడేదెలా?

పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆమె వయసు 41. మూడేళ్లుగా ట్రయథ్లాన్ చేస్తున్నారు. వచ్చే వేసవిలో మొదటిసారి పూర్తి దూరం పోటీకి పేరిచ్చారు: 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. ఉండేది చలి ప్రాంతం. శీతాకాలమంతా సైకిల్‌ని గదిలో స్టాండుకి బిగించి తొక్కడమే. అందుకే కిందటి ఫిబ్రవరిలో క్లబ్బువాళ్లతో కలిసి కానరీ దీవుల్లోని లాంజరోటేకి 10 రోజుల శిక్షణ సెలవుకి వెళ్లారు. భర్తనీ కొడుకునీ వెంట తీసుకెళ్లారు. ‘పొద్దున నా ప్రాక్టీసు, మధ్యాహ్నం నుంచి మీతోనే’ అని మాటిచ్చారు.

అలా జరగలేదు. రోజూ గుంపుతో 9.30కి బయల్దేరి మూడింటికి తిరిగొచ్చేవారు. తిని పడుకుంటే లేచేసరికి చీకటి పడేది. నాలుగో రోజు గొంతు నొప్పి మొదలైంది. ఆరో రోజు కుడి మోకాలి ముందు భాగం పట్టేసింది. ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర వేసుకుని క్యాంపు పూర్తి చేశారు. తిరిగొచ్చాక రెండు వారాలు పరుగే లేదు.

ఈ ఫిబ్రవరిలో మళ్లీ అదే దీవి, అదే క్లబ్బు. కోచ్ పంపిన ప్రణాళికలో 10 రోజులకి 32 గంటల శిక్షణ ఉంది. ఇంటి దగ్గర ఆమె చేసేది వారానికి 9 గంటలు. భర్త మాత్రం ‘నువ్వు వెళ్లిరా, మేం ఎందుకులే’ అన్నారట. అది కోపమో, అనుమతో అర్థం కావడం లేదంటున్నారు. వెళ్లాలా, మానాలా, వాళ్లని తీసుకెళ్లాలా? సైకిల్ ఇక్కణ్నించే తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? చివర్లో ఒక వాక్యం: ‘ఎలాగూ అంత కష్టపడతాను కదా, ఈ 10 రోజుల్లో 3 కిలోలు తగ్గుదామనుకుంటున్నాను.’

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయని మీరనుకుంటున్నారు, ఒకటి ఒంటిది, ఒకటి ఇంటిది. రెండూ పుట్టింది ఒక్క తప్పులోంచే. కిందటేడు మీరు మీ శరీరం తట్టుకోగలిగే పనికి రెండింతలు చేశారు. మోకాలు పట్టేసింది అందుకే. మధ్యాహ్నాలు నిద్రలో పోయిందీ అందుకే. కాబట్టి ముందు లెక్క చూద్దాం.

వారానికి 9 గంటలంటే 10 రోజులకి దాదాపు 13. కోచ్ ఇచ్చినవి 32, అంటే రెండున్నర రెట్లు. వారానికి 18, 20 గంటలు చేసే క్లబ్బు సభ్యులకి అది భారమైన క్యాంపే, కానీ మోయగల భారం. మీకు అదే కాగితం గాయానికి టికెట్టు. క్యాంపులో మామూలు కంటే ఒకటిన్నర రెట్ల దాకా వెళ్లొచ్చు. అదీ పెంచేదంతా సైకిల్ మీద, కొంత ఈతలో. పరుగుని మాత్రం ఇంటి దగ్గర చేసే కొలతలోనే ఉంచాలి, ఇంకాస్త తగ్గినా నష్టం లేదు. సైకిల్ మీద బరువుని సీటు మోస్తుంది. పరుగులో ప్రతి అడుగుకీ కండరాలూ ఎముకలూ మోయాలి. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో పుంజుకుంటాయి. కండరాల్ని ఎముకలకి కట్టి ఉంచే స్నాయువులూ, ఎముకలూ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ‘ఊపిరి ఆడుతోంది కదా, ఇంకో గంట చేద్దాం’ అనిపించేది ఆ తేడా వల్లే.

మీ కొలతకి తగ్గట్టు 10 రోజులు ఇలా ఉండొచ్చు. దిగిన రోజు సైకిల్ బిగించుకుని 45 నిమిషాలు నింపాదిగా తొక్కండి. అది వ్యాయామం కోసం కాదు, సైకిల్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. రెండో రోజు 2 గంటల సైకిల్, 45 నిమిషాల ఈత. మూడో రోజు రెండున్నర గంటల సైకిల్, అరగంట పరుగు. నాలుగో రోజు ఈత మాత్రమే, 45 నిమిషాలు. అయిదో రోజు మూడున్నర గంటల సైకిల్. ఆరో రోజు గంటంపావు పరుగు, సాయంత్రం ముప్పావుగంట ఈత. ఏడో రోజు ఏమీ లేదు. ఎనిమిదో రోజు అసలైన రోజు: 4 గంటల సైకిల్, దిగగానే బూట్లు మార్చుకుని 20 నిమిషాల పరుగు. తొమ్మిదో రోజు ఈతా పరుగూ చెరో ముప్పావుగంట. పదో రోజు ప్రయాణం. కూడితే సుమారు 18 గంటలన్నర. ఇది మీ మామూలు కొలతకి ఒకటిన్నర రెట్లలోపే. ఒక్క రోజు కూడా గుంపులో అందరికంటే ఎక్కువ చేసినట్టు కనపడరు. దానికి సిద్ధపడే వెళ్లాలి.

ఈ మొత్తం పాడయ్యేది మొదటి మూడు రోజుల్లోనే. చలి నుంచి వచ్చి ఎండ చూడగానే, పొడి రోడ్డు దొరకగానే కాళ్లు ఉరకలు వేస్తాయి. రెండో రోజు ప్రతి కొండా పందెమే అవుతుంది. ఆ అప్పు నాలుగో రోజున వసూలవుతుంది. విమాన ప్రయాణం, సరిగా పట్టని నిద్ర, దాని మీద మూడు రోజుల పందెం కలిసినప్పుడు గొంతు నొప్పి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. అందుకే మొదటి మూడు రోజులు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే తొక్కండి. పొద్దున మంచం దిగకముందే నాడి చూసుకోండి. మామూలు కంటే 5, 6 ఎక్కువుండి, నిద్ర కూడా సరిగా లేదంటే ఆ రోజు పని సగం చేయండి. 8, 10 ఎక్కువుంటే, లేదా గొంతు గరగరలాడుతుంటే ఆ రోజు విశ్రాంతే. జ్వరం ఉన్నప్పుడు మాత్రం ఏ వ్యాయామమూ వద్దు, అది గుండెకే ప్రమాదం.

వేడి గురించి ఒక అపోహ తీసేయాలి. ‘ఎండకి అలవాటు పడితే వేసవి పోటీలో పనికొస్తుంది’ అని రాశారు. ఫిబ్రవరి లాంజరోటేలో పగటి వేడి 21 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ మీకు దొరికేది పొడి రోడ్డూ, పగటి వెలుగూ. అసలైన ఎండ అలవాటు కావాలంటే రోజూ గంటా, గంటన్నర శరీరం లోపలి వేడి పెరిగి చెమట ధారగా కారాలి. అలా 4, 5 రోజుల్లో రక్తంలోని నీటి భాగం పెరుగుతుంది, అదే వేగంలో గుండె తక్కువ కొట్టుకుంటుంది. చెమట త్వరగా మొదలవడం, అందులో ఉప్పు పలచబడటం వంటివి పూర్తి కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. వేడి లేకపోతే అదంతా కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది. ఫిబ్రవరిలో సంపాదించింది వేసవి దాకా దాచుకోలేరు. పోటీ వేడి ప్రాంతంలో అయితే, దానికి ముందు రెండు వారాల్లో ఓ ఆరు రోజులు, నింపాదైన వ్యాయామం అయ్యాక 40 డిగ్రీల వేడినీళ్ల తొట్టెలో 30, 40 నిమిషాలు కూర్చోవడం ఇంటి దగ్గరే చేయొచ్చు. పక్కన ఎవరైనా ఉండాలి, లేచేటప్పుడు నెమ్మదిగా లేవాలి, తల తిరిగితే వెంటనే బయటికి రావాలి.

అక్కడ మిమ్మల్ని మోసం చేసేది గాలి. ఈశాన్య గాలులు దాదాపు ఆగకుండా వీస్తాయి, చెట్టు నీడ ఉండదు, నేలంతా నల్లటి లావా. చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది, పట్టనట్టే అనిపిస్తుంది. సాయంత్రం షార్ట్స్ మీద తెల్లటి ఉప్పు గీతలు చూస్తే గానీ పోయిందెంతో తెలియదు. కాబట్టి కొలవండి. ఉదాహరణకి బయల్దేరే ముందు బట్టల్లేకుండా బరువు 62.4 కిలోలు. గంటన్నర తొక్కి, ఒళ్లు తుడుచుకుని చూస్తే 61.3. మధ్యలో తాగింది 750 మిల్లీలీటర్లు. తగ్గిన 1.1కి తాగిన 0.75 కలిపితే 1.85 లీటర్లు, అంటే గంటకి 1.2 లీటర్లకి కొంచెం పైన. దాన్నంతా గంట గంటకీ పూడ్చక్కర్లేదు. తిరిగొచ్చేసరికి బరువు 2 శాతం కంటే ఎక్కువ తగ్గకుండా చూసుకుంటే చాలు. తిరిగొచ్చాక బరువు పెరిగిందంటే మాత్రం అవసరానికి మించి తాగారని అర్థం. రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వికారం, వేళ్ల వాపు, ఆపైన తికమక వస్తాయి. అప్పుడు ఇంకా నీళ్లు తాగించడం ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టర్ని పిలవాలి.

గాలికి ఒక ఉపాయం ఉంది. ముందు ఈశాన్యంగా, గాలికి ఎదురుగా బయల్దేరండి, అలసిపోయాక అదే గాలి వెనక నుంచి ఇంటికి తోస్తుంది. తిరగేసి చేస్తే చివరి గంట నరకం. వేగం చూసి నిరాశ పడొద్దు, అక్కడ గంటకి 18 కిలోమీటర్లు కూడా గట్టి పనే కావచ్చు. పక్కగాలికి లోతైన రిమ్ముల చక్రాలు లాగేస్తాయి, కనీసం ముందు చక్రమైనా మామూలు రిమ్ముది ఉండాలి. అప్పుడప్పుడు సహారా నుంచి వేడి దుమ్ముగాలి వస్తుంది, అక్కడ కలిమా అంటారు. అది వచ్చిన రోజు సైకిల్ మానేసి కొలనులో ఈదండి.

ఇప్పుడు మోకాలు. ముందు భాగం నొప్పి అన్నారు. కిందటేడు అద్దె సైకిల్, సీటు ‘సుమారుగా’ పెట్టుకున్నారు. సీటు తక్కువైతే పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు మరీ ముడుచుకుని ముందు భాగం మీద ఒత్తిడి పడుతుంది. సీటు మరీ ఎత్తయితే నొప్పి సాధారణంగా మోకాలి వెనక వస్తుంది. రెండో అనుమానం గేర్లు. ఆ దీవిలోని ఫెమెస్ లాంటి నిటారైన ఎక్కుడులో చిన్న గేరు లేక నిమిషానికి 50 తొక్కులతో లాగారంటే, సీటు సరిగ్గా ఉన్నా అదే నొప్పి వస్తుంది. ముందు 34, వెనక 32 లేదా 34 పళ్ల గేరు ఉందో లేదో అద్దెకిచ్చేవాళ్లని ముందే అడగండి.

మీ సైకిలే తీసుకెళితే కొలతలు మారవు, కానీ పెట్టెలో సర్దడానికీ విప్పడానికీ చెరో గంటన్నర పోతుంది, విమానంలో దెబ్బ తినొచ్చు. సీటు కంబం ఫ్రేములోకి దిగే చోట టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది: విప్పాలంటే సవ్యదిశలో తిప్పాలి. వెనక గేర్ మార్చే పరికరాన్ని హ్యాంగర్ (దాన్ని ఫ్రేముకి తగిలించే చిన్న లోహపు ముక్క) నుంచి విప్పి, బబుల్ కవరు చుట్టి ఫ్రేముకి కట్టేయండి. ఎక్కువగా వంగేది ఆ హ్యాంగరే, వీలైతే మీ ఫ్రేముకి సరిపోయే ఇంకోటి సంచిలో వేసుకోండి. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టడం మర్చిపోవద్దు. చక్రం లేనప్పుడు బ్రేకు నొక్కుకుపోతే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చేస్తాయి, దిగిన రోజు సాయంత్రమంతా వాటిని విడదీయడంతోనే సరి. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. గాలి కొట్టే చిన్న గ్యాస్ సిలిండర్లకి విమాన సంస్థ అనుమతి అడగాలి, చేతి పంపయితే ఏ గొడవా లేదు.

అద్దె సైకిలైతే మీ సీటూ, మీ పెడళ్లూ సంచిలో వేసుకెళ్లండి. వాటితో పాటు నాలుగు కొలతలు: క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎత్తు, సీటు ముక్కు ఇరుసుకి ఎంత వెనక ఉంది, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ మధ్య దాకా దూరం, సీటుకీ హ్యాండిల్‌కీ ఎత్తులో తేడా. క్రాంకు పొడవు కూడా రాసుకోండి. మీది 170 మిల్లీమీటర్లు, అద్దెది 172.5 అయితే సీటుని రెండున్నర మిల్లీమీటర్లు దించాలి. మోకాలి చరిత్ర ఉన్నవాళ్లకి ఆ కొంచెమే కొంపముంచుతుంది. నా మొగ్గు అద్దెవైపే, ఈ కొలతలు దగ్గరుంటేనే. మోకాలిని మాత్రం ఇప్పుడే ఫిజియోథెరపిస్టుకి చూపించండి, క్యాంపు నాలుగో రోజు దాకా ఆగొద్దు.

ఐబుప్రొఫెన్ గురించి గట్టిగానే చెప్పాలి. నొప్పి అనే ఒకే ఒక్క హెచ్చరికని అది నొక్కేస్తుంది. నీళ్లు తగ్గిన ఒంట్లో గంటల తరబడి కష్టపడుతూ వేసుకుంటే మూత్రపిండాలకి రక్తం తగ్గుతుంది. మాత్ర వేసుకుంటే గానీ తొక్కలేని రోజు తొక్కకూడని రోజు.

బరువు తగ్గడం ఈ 10 రోజుల్లో వద్దు, ఇందులో నేను మెత్తబడను. 4 గంటల సైకిల్‌కి 2,000 కేలరీల దాకా ఖర్చవుతుంది. అందులో కోత పెడితే కండరం కోలుకోదు, ఒళ్లు జబ్బుకి లొంగుతుంది. అదే అలవాటుగా సాగితే నెలసరి గతి తప్పుతుంది, ఎముక బలహీనపడుతుంది. గంటకి మించిన ప్రతి సైకిల్ పూటా గంటకి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక 750 మిల్లీలీటర్ల సీసాలో 40 గ్రాముల మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి), 20 గ్రాముల ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర), పావు చెంచా ఉప్పు కలిపితే ఒక గంటకి సరిపోతుంది. పావు చెంచా ఉప్పులో సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. దీన్ని ముందు ఇంటి దగ్గర మూడు నాలుగు సార్లు తాగి కడుపుకి అలవాటు చేయండి. పెద్ద రోజుల్లో మొత్తం మీద కిలో బరువుకి 7 గ్రాములు, అంటే 62 కిలోల మనిషికి 430 గ్రాములకి పైనే కావాలి. సైకిల్ దిగిన అరగంటలో తినడం మొదలుపెట్టండి.

ఇక ఇల్లు. మీ వారి మాట కోపమా, అనుమతా అన్నది ఉత్తరం చదివి ఎవరూ తేల్చలేరు, ఆయన్నే అడగాలి. కానీ ఉత్తచేతుల్తో అడిగితే వినపడేది కిందటేటి మాటే. పైన చెప్పిన 10 రోజుల పట్టికని కాగితం మీద రాసి, ఏ రోజు ఎన్నింటికి మీరు చేతికొస్తారో పక్కన వేసి చూపించండి. అక్కడ ఫిబ్రవరిలో సూర్యోదయం పావు తక్కువ 8 ప్రాంతంలో. వెలుగు రాకముందు రోడ్డెక్కొద్దు కాబట్టి 8కి బయల్దేరారనుకోండి. మూడున్నర గంటల రోజున 11.30కి వస్తారు. తిని, 40 నిమిషాలు కునుకు తీసి, ఒంటిగంటన్నరకల్లా వాళ్ల దగ్గరుంటారు. ఎనిమిదో రోజు మాత్రం రెండున్నర అవుతుంది, అది ముందే చెప్పండి. నాలుగో రోజు దాదాపు మొత్తం, ఏడో రోజు పూర్తిగా వాళ్లవి. సూర్యాస్తమయం ఏడు దగ్గర, అంటే దాదాపు రోజూ అయిదు గంటల వెలుగు మిగులుతుంది. గుంపుతో 9.30కి కదిలితే ఈ లెక్క కుదరదు, కాబట్టి చాలా రోజులు మీరు ఒంటరిగానో, ఒకరిద్దరితోనో తొక్కాల్సి వస్తుంది. ఆ ముక్క కోచ్‌కి ఇప్పుడే చెప్పాలి.

అందరూ కలిసి వెళ్లే దారి ఇది. విశ్రాంతి రోజున బాబుతో రోజంతా నడిస్తే అది విశ్రాంతి కాదని గుర్తుంచుకోండి. తిమన్‌ఫాయా అగ్నిపర్వతాల మధ్యకి బస్సులోనే తిప్పుతారు, ఏడో రోజుకి కూర్చుని చూసే అలాంటి షికారు పెట్టుకోండి.

రెండో దారి, మీరొక్కరే వెళ్లడం. శిక్షణ బాగా సాగుతుంది, గుంపుతో తొక్కొచ్చు, నిద్రకి అడ్డులేదు. కానీ పోటీ దగ్గరపడే కొద్దీ వారాంతాలన్నీ 5, 6 గంటల సైకిల్‌కి పోతాయి. ఆ నెలల్లో ఇంటి సాయం ఇప్పటికంటే ఎక్కువ కావాలి. ఆ సాయాన్ని ఫిబ్రవరిలోనే ఖర్చు పెట్టేసుకుంటారేమో చూసుకోండి. ఒంటరిగా వెళ్లాలనుకుంటే 10 రోజుల్ని 7కి కుదించి, మిగిలిన 3 రోజుల సెలవుని సైకిల్ లేని ప్రయాణానికి పెట్టడం మంచిది.

మూడోది, మీరు ముందు వెళ్లి, వాళ్లు ఆరో రోజు రాత్రికి చేరుకోవడం. మొదటి ఆరు రోజులు గుంపువి (మీ గంటలు మాత్రం మీవే), ఏడో రోజు విశ్రాంతితో వాళ్ల సెలవు మొదలు. బాబు బడి పోయేదీ తక్కువే. కష్టమల్లా బాబుతో ప్రయాణం మీ వారొక్కరే చేయాలి, అది ఆయనకి సమ్మతమేనా అన్నది.

మానేయడం కూడా ఒక దారే. వేసవి పోటీకి ఫిబ్రవరి క్యాంపు తప్పనిసరేం కాదు. గదిలో వారానికి 9 గంటలు ఆపకుండా చేసినవాళ్లు, క్యాంపులో దెబ్బతిని రెండు వారాలు పోగొట్టుకున్నవాళ్ల కంటే ముందుంటారు. మోకాలికి ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంటే నేను ఈ దారి వైపే మొగ్గుతాను.

ఏ దారైనా కోచ్‌కి ఒక సందేశం పంపాలి, ఈ వారమే: ‘నేను వారానికి 9 గంటలు చేస్తున్నాను. క్యాంపులో 18, 19 గంటలే చేస్తాను. పరుగు 3 గంటలు దాటదు. నాలుగు, ఏడో రోజులు గుంపుతో ఉండను.’ మంచి కోచ్ అయితే పట్టికని సర్దుతారు. ‘అందరితో పాటే’ అంటే, గుంపుతో ఉండేది తిండికీ ఈతకీ మాత్రమే అనుకోండి.

తిరిగొచ్చాక మొదటి వారం 4, 5 గంటలు చాలు, అందులో వేగంగా ఏమీ వద్దు. ఎంత మెరుగయ్యారో చూసుకోవాలని చేతులు దురదపెడతాయి. ఆ పరీక్ష తిరిగొచ్చిన ఎనిమిదో రోజు తర్వాతే పెట్టుకోండి.